ఫోటాన్లతో క్వాంటం కంప్యూటర్: అసలు ఇబ్బంది ఎక్కడుంది?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. క్వాంటం కంప్యూటర్ల గురించి ఈమధ్య తెలుగు పేపర్లలో కూడా తరచూ వస్తోంది కదా, అందులో కాంతితో పనిచేసేవాటి గురించి చదువుతుంటే నాకు ఒక్క చోట అడ్డం పడుతోంది. రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) ఎదురెదురుగా వస్తే వాటి మధ్య ఏమీ జరగదు, దేని దారిన అది పోతుంది అని మాకు క్లాసులో చెప్పారు. మరి రెండు క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో బిట్ లాంటివి) గేట్ అంటే ఒకదాని స్థితిని బట్టి రెండోది మారాలి కదా? అసలు ఒకదాన్నొకటి పట్టించుకోని వాటితో గేట్ ఎలా కడతారు?

ఇంకొకటి, "గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది కాబట్టి చివరికి ఇదే గెలుస్తుంది" అని చాలా చోట్ల రాస్తున్నారు. ఇది ఎంతవరకు నిజం?

ల్యాబ్_బల్ల

తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. ఖాళీలో ఫోటాన్ల మధ్య పరస్పర చర్య లేదనే అనుకోవచ్చు, గాజు లాంటి పదార్థంలో కూడా ఒక్కొక్క ఫోటాన్ స్థాయిలో ఆ ప్రభావం ఎందుకూ చాలనంత తక్కువ. కానీ పరస్పర చర్య లేకపోయినా వ్యతికరణం ఉంది, కథంతా అక్కడే మొదలవుతుంది.

1987లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హాంగ్, ఊ, మాండెల్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం చూడు. బీమ్ స్ప్లిటర్ అంటే పడిన కాంతిలో సగాన్ని దాటనిచ్చి సగాన్ని తిప్పి పంపే అద్దం. దాని రెండు వైపుల నుంచీ ఒకేలాంటి ఫోటాన్లు ఒక్కొక్కటి ఒకేసారి వచ్చి పడితే, రెండూ కలిసి ఏదో ఒక వైపుకే వెళ్తాయి, చెరో వైపుకి ఎప్పుడూ వెళ్ళవు. ఎందుకంటే చెరో వైపుకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి: రెండూ దాటిపోవడం ఒకటి, రెండూ పరావర్తనం చెందడం ఇంకొకటి. ఈ రెండు దారుల ఆంప్లిట్యూడ్లు (వర్గం చేస్తే సంభావ్యత ఇచ్చే సంఖ్యలు) సమానం, గుర్తులు మాత్రం వ్యతిరేకం, కలిపితే సున్నా. ఫోటాన్ల మధ్య ఏ బలమూ లేదు, అయినా ఒకటి ఉండటం వల్ల రెండోదాని గతి మారింది.

ఇందులో "ఒకేలాంటి" అనే షరతు చాలా గట్టిది. తరంగదైర్ఘ్యం, ధ్రువణం, పుంజం ఆకారం, వచ్చి చేరే క్షణం, అన్నీ కలవాలి. మా ల్యాబ్‌లో 405 నానోమీటర్ల లేజర్‌ని ఒక స్ఫటికంలోకి పంపితే అప్పుడప్పుడు ఒక ఫోటాన్ విడిపోయి 810 నానోమీటర్ల జంట వస్తుంది. అందులో ఒకదాని దారిని మైక్రాన్ల లెక్కన జరుపుతూ రెండు డిటెక్టర్లూ ఒకేసారి ఎన్నిసార్లు క్లిక్ అయ్యాయో గ్రాఫ్ గీస్తే, దారులు సరిగ్గా సమానమైన చోట గ్రాఫ్ గొయ్యిలా పడిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళు ఆ గొయ్యిని తమ చేతులతో తెప్పించే దాకా నేను వాళ్ళకి ఇంకే పనీ ఇవ్వను, ఎందుకంటే ఈ రంగంలో మిగిలినదంతా దాని మీదే కట్టారు.

లెక్కల_మాస్టారు

అమ్మా, బాగా చెప్పారు. దీన్నే కాగితం మీద చూస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. బీమ్ స్ప్లిటర్ మాత్రిక రాయండి: పై వరుస 1, 1. కింది వరుస 1, −1. మొత్తాన్ని రూట్ 2తో భాగించండి. దీని నిర్ధారకం అందరికీ వచ్చు. అదే సూత్రంలో మైనస్‌లన్నీ ప్లస్‌లు చేస్తే వచ్చేదాన్ని పర్మనెంట్ అంటారు. ఈ మాత్రికకి పర్మనెంట్ ఎంత? (1×−1 + 1×1)/2, అంటే సున్నా. రెండు ఫోటాన్లు చెరో వైపుకి వెళ్ళే ఆంప్లిట్యూడ్ అదే. నిర్ధారకమైతే −1 వస్తుంది, అంటే అక్కడ ఫోటాన్లకు బదులు ఎలక్ట్రాన్ల లాంటి ఫెర్మియాన్లు ఉంటే తప్పకుండా చెరో వైపుకే వెళ్తాయి. ఫోటాన్ల లాంటి బోసాన్లకి పర్మనెంట్, ఫెర్మియాన్లకి నిర్ధారకం.

ఇప్పుడు అసలు సంగతి. నిర్ధారకం ఎంత పెద్దదైనా కంప్యూటర్ సులువుగా లెక్కిస్తుంది. పర్మనెంట్‌కి అలాంటి సులువు దారి లేదు, అది ఎంత కష్టమైన లెక్కల తరగతిలో ఉందో 1979లో వేలియంట్ నిరూపించారు. మనకి కష్టమైన ఈ లెక్క మీదే ఫోటాన్ల ప్రవర్తన నడుస్తోంది. 2011లో ఆరన్‌సన్, అర్కిపోవ్ ఇద్దరూ దీన్నే పట్టుకుని బోసాన్ శాంప్లింగ్ (ఫోటాన్లను అద్దాల గుంపులోకి పంపి ఏవి ఎటు వచ్చాయో నమోదు చేయడం) అనే ప్రతిపాదన చేశారు.

బెజవాడ_కోడర్

మాస్టారూ, నమస్తే. అది శాంప్లింగ్, అర్థమైంది. కానీ తమ్ముడు అడిగింది గేట్ గురించి. చెరో వైపుకి వెళ్ళకపోవడం ఒక్కటే తెలిస్తే కంట్రోల్డ్ నాట్ గేట్ (మొదటి క్యూబిట్ 1 అయితేనే రెండోదాన్ని తిప్పేది) ఎలా వస్తుంది?

ల్యాబ్_బల్ల

కొలత వల్ల వస్తుంది. 2001లో నిల్, లాఫ్లామ్, మిల్‌బర్న్ చూపించింది అదే, ఆ పద్ధతిని వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలతో కేఎల్ఎం అంటారు. క్యూబిట్లుగా వాడే ఫోటాన్లతో పాటు కొన్ని సహాయక ఫోటాన్లను అద్దాల గుంపులోకి పంపి, సహాయక ఫోటాన్లను మాత్రం డిటెక్టర్లతో కొలుస్తాం. మనం కోరుకున్న క్లిక్‌లు వస్తే మిగిలిన రెండింటి మీద గేట్ పని జరిగినట్టు. రాకపోతే జరగనట్టు, ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళ మొదటి సర్క్యూట్‌లో గేట్ కుదిరే అవకాశం 16లో 1. 2003లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఓబ్రయన్ బృందం నిజంగా ఒక ఆప్టికల్ కంట్రోల్డ్ నాట్ గేట్ చేసి చూపించింది, అది ఇంకో పద్ధతి, అందులో 9లో 1.

బెజవాడ_కోడర్

9లో 1 అంటే పది గేట్లు వరసగా పెడితే అయిపోయినట్టే కదా అక్కా. 9 పది సార్లు గుణించాలి.

ల్యాబ్_బల్ల

వరసగా పెడితే అంతే. అందుకే వరసగా పెట్టరు. 2001లోనే రౌసెన్‌డార్ఫ్, బ్రీగెల్ ఇంకో దారి చూపించారు: ముందే పెద్ద ఎంటాంగిల్డ్ (క్యూబిట్లన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన) స్థితి ఒకటి తయారు చేసుకుని, తర్వాత ఒక్కో క్యూబిట్‌ని కొలుచుకుంటూ పోతే ఆ కొలతలే కంప్యూటేషన్ అవుతాయి. అప్పుడు ఇబ్బంది అంతా ఆ స్థితిని తయారు చేయడంలోకి మారుతుంది. చిన్న చిన్న ముక్కలు తయారు చేస్తాం, కుదరనివి పారేస్తాం, కుదిరినవాటిని ఫ్యూజన్ అనే కొలతతో అతుకుతాం. మామూలు అద్దాలతో ఫ్యూజన్ కుదిరే అవకాశం సగం, అదనపు ఫోటాన్లు వాడితే ఇంకా పెంచవచ్చు. కుదరని అతుకులను ఎర్రర్ కరెక్షన్ కోడ్ (తప్పులను పట్టి సరిచేసే పద్ధతి) సర్దుకుంటుంది. అంటే "గేట్ ప్రతిసారీ కుదరదు కదా" అన్న అభ్యంతరానికి సిద్ధాంతంలో జవాబు దొరికి చాలా ఏళ్ళైంది.

దొరకనిది నష్టానికి జవాబు. ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద శత్రువు ఏదంటే ఫోటాన్ దారిలో పోవడం, దాన్ని నేను ఎవరి ముందైనా గట్టిగానే చెప్తాను. ఒక్కో ఫోటాన్ మొదటి నుంచి చివరి దాకా బతికే అవకాశం 90 శాతం అనుకోండి, వినడానికి బాగానే ఉంటుంది. 50 ఫోటాన్లూ బతకాలంటే 0.9ని 50 సార్లు గుణించాలి, 200 సార్లలో ఒక్కసారి కుదురుతుంది. 50 శాతమే బతుకుతాయనుకుంటే 10 ఫోటాన్లకే వెయ్యిలో ఒకటి, 50కి ఇక మర్చిపోవచ్చు. కొత్త ఫలితం ఏది వచ్చినా నేను మొదట వెతికేది ఎన్ని క్యూబిట్లు అని కాదు, పుట్టిన కాంతిలో డిటెక్టర్ దాకా ఎంత చేరింది అని.

లెక్కల_మాస్టారు

ఫైబర్‌లో నష్టం చాలా తక్కువ అంటారు కదమ్మా?

ల్యాబ్_బల్ల

నిజమే మాస్టారూ, 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి 0.2 డెసిబెల్, అంటే 15 కిలోమీటర్లు పోయాక కూడా సగం మిగులుతుంది. కానీ పెద్ద యంత్రం కట్టాలంటే బల్ల మీద అద్దాలతో కుదరదు, చిప్ మీదికి వెళ్ళాలి. మామూలు సిలికాన్ వేవ్‌గైడ్‌లో సెంటీమీటరుకే ఒకటి రెండు డెసిబెళ్ళు పోతాయి. అంటే వేలి గోరంత దూరంలో, ఫైబర్‌లో 5 కిలోమీటర్లు పోతే ఎంత పోతుందో అంత పోతుంది! సిలికాన్ నైట్రైడ్‌తో ఇది బాగా తగ్గింది. ఆపైన చిప్ నుంచి ఫైబర్‌కి దిగే చోట కొంత, స్విచ్‌లో కొంత, ఫిల్టర్‌లో కొంత. మా దగ్గర ఒక ఫైబర్ చివర కంటికి కనపడని దుమ్ము పడితే చాలు, క్లిక్‌ల లెక్క పడిపోయి మధ్యాహ్నమంతా దాన్ని వెతకడంతోనే సరిపోతుంది.

అయితే ఒక ఊరట ఉంది. ఫోటాన్ పోయిందంటే డిటెక్టర్ క్లిక్ కాదు, కాబట్టి ఎక్కడ పోయిందో మనకి తెలుస్తుంది. ఎక్కడ జరిగిందో తెలియని తప్పు కంటే ఎక్కడ జరిగిందో తెలిసిన తప్పును సరిచేయడం చాలా తేలిక. ఫోటాన్లతో కంప్యూటర్ కడుతున్న సైక్వాంటమ్ కంపెనీ వాళ్ళు 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వేసిన ఫ్యూజన్ పేపర్ ప్రకారం ఒక్కో ఫ్యూజన్‌లో ఫోటాన్ పోయే అవకాశం 10.4 శాతం ఉన్నా వాళ్ళ కోడ్ తట్టుకుంటుంది. అది ఆశ పెట్టుకోదగ్గ సంఖ్య. కానీ ఆ 10.4లో ఫోటాన్లు పుట్టే మూలం, చిప్, స్విచ్‌లు, డిటెక్టర్ అన్నీ కలిపి ఇమడాలి.

టొరంటో_నుంచి

నేను ఇక్కడ టెలికాం ఫైబర్ పరికరాల పనిలో ఉన్నాను, క్వాంటం నా ఉద్యోగం కాదు గానీ ఊళ్ళోనే జనడూ అనే ఫోటాన్ కంప్యూటర్ల కంపెనీ ఉంది కాబట్టి ఆసక్తిగా చదువుతుంటాను. 2025 జనవరిలో వాళ్ళు నేచర్‌లో చూపించిన ఆరోరా యంత్రంలో నాకు నచ్చింది దాని రూపం. నాలుగు సర్వర్ ర్యాక్‌లు, 35 ఫోటానిక్ చిప్‌లు, వాటిని కలుపుతూ 13 కిలోమీటర్ల ఫైబర్. ఒక డేటా సెంటర్‌లో మేం ర్యాక్‌లు కలిపినట్టే కలిపారు. క్యూబిట్లు 12 మాత్రమే. నా బోటి వాడికి అర్థమయ్యేది ఏంటంటే, ఫోటాన్ తరంగదైర్ఘ్యం టెలికాం వాళ్ళదే అయితే యాభై ఏళ్ళ ఫైబర్ పరిశ్రమ మొత్తం మీకు అండగా ఉన్నట్టు. మిగతా రకాల క్యూబిట్లకి ఒక యంత్రాన్ని ఇంకో యంత్రంతో కలపడమే పెద్ద పరిశోధన.

ల్యాబ్_బల్ల

అవునండీ, కలపడం అనేది కాంతికి పుట్టుకతో వచ్చిన బలం. కానీ ఆరోరా వాళ్ళే చెప్పారు, ఇప్పుడు మిగిలింది నష్టాన్ని తగ్గించడం అని. సైక్వాంటమ్ ఒమేగా చిప్‌ల పేపర్ కూడా అదే ఏడాది నేచర్‌లో వచ్చింది. గ్లోబల్‌ఫౌండ్రీస్ ఫ్యాబ్‌లో మామూలు చిప్‌ల లైన్ మీదే చేయించారు, అది చాలా పెద్ద విషయం. అందులో రెండు క్యూబిట్ల ఫ్యూజన్ ఫిడెలిటీ (ఫలితం ఎంత కచ్చితం అన్నది) 99.22 శాతం, చిప్ నుంచి చిప్‌కి 99.72 శాతం. ఇవి చదివేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అవి డిటెక్టర్ దాకా వచ్చిన ఫోటాన్ల గురించిన అంకెలు, దారిలో పోయినవి వాటిలోకి రావు. పేపర్‌లో ఈ సంగతి దాచలేదు, వార్తల్లోకి వచ్చేసరికే ఆ వాక్యం ఎగిరిపోయింది.

బెజవాడ_కోడర్

ఇక్కడే నాకు కోపం వస్తుంది అక్కా. 2020 డిసెంబరులో చైనా వాళ్ళ జియుజాంగ్ అనే బోసాన్ శాంప్లింగ్ యంత్రం వార్త గుర్తుందా? 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటర్‌కి 250 కోట్ల ఏళ్ళు పడుతుందన్నారు. తర్వాత 2022లో జనడూ వాళ్ళ బొరియాలిస్ యంత్రం, 36 మైక్రోసెకన్లకి 9 వేల ఏళ్ళు అన్నారు. 2024లో షికాగో, ఆర్గాన్ వాళ్ళు గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద టెన్సర్ నెట్‌వర్క్ (పెద్ద లెక్కను చిన్న పట్టికలుగా విడగొట్టే) పద్ధతితో ఇవన్నీ చేసి చూపించారు. 250 కోట్ల ఏళ్ళు ఏమైపోయాయి? జనం ఇలాంటి అంకెలు నమ్మి రంగం మీదే విశ్వాసం పోగొట్టుకుంటారు.

లెక్కల_మాస్టారు

బాబూ, నీ బాధ అర్థమవుతుంది, కానీ ఆ రెండూ ఒకే కథలో భాగాలు. 250 కోట్ల ఏళ్ళు అన్నది ఆనాటికి తెలిసిన పద్ధతితో వేసిన లెక్క. సవాలు విసిరితేనే కదా దానికి మెరుగైన అల్గారిథమ్ కోసం అవతలివాళ్ళు కూర్చుని ఆలోచించేది. ఆ 2024 పేపర్ ఏం చెప్పిందో చూడు. జియుజాంగ్‌లో 50 స్క్వీజ్డ్ స్థితులు (క్వాంటం శబ్దాన్ని ఒక దిశలో అణచిన కాంతి), 100 మోడ్ల (దారుల) ఇంటర్‌ఫెరోమీటర్, గరిష్ఠంగా 76 క్లిక్‌లు. కాంతి దారిలో పోయే కొద్దీ స్క్వీజ్డ్ స్థితిలో నిజంగా క్వాంటం అయిన భాగం కుంచించుకుపోతుంది, మిగిలింది మామూలు యాదృచ్ఛిక శబ్దంతో సమానం. శబ్దాన్ని మామూలు కంప్యూటర్ తేలిగ్గా తయారు చేస్తుంది. కష్టమైన చిన్న భాగాన్ని మాత్రం టెన్సర్లతో పట్టారు. అంటే మళ్ళీ అమ్మాయి చెప్పిన చోటికే వచ్చాం. పర్మనెంట్, స్క్వీజ్డ్ కాంతికి దాని బదులు వచ్చే హఫ్నియన్‌ల కష్టం ఎక్కడికీ పోలేదు, కారిపోయిన కాంతి ఆ కష్టాన్ని తనతో తీసుకుపోయింది.

ల్యాబ్_బల్ల

సరిగ్గా అదే. జియుజాంగ్‌ని కట్టిన, చైనాలోని హెఫేలో ఉన్న పాన్ జియాన్‌వీ, లూ చావోయాంగ్‌ల బృందం ఆ విమర్శను పట్టించుకుంది కూడా. 2025 ఆగస్టులో పెట్టిన కొత్త పేపర్‌లో 1024 స్క్వీజ్డ్ స్థితులు, 8176 మోడ్లు, 3050 ఫోటాన్ల దాకా వెళ్ళారు, కానీ నేను చూసింది వేరే అంకె. పుట్టిన చోటు నుంచి డిటెక్టర్ దాకా మొత్తం మీద సగానికి పైగా కాంతి చేరింది. అంత పెద్ద యంత్రంలో సగం చేర్చడం ఎంత కష్టమో చేతులు కాల్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది, వాళ్ళ మీద నాకు చాలా గౌరవం. అయినా ఇది ఏ పనికైనా వాడుకునే కంప్యూటర్ కాదు, ఒక్క రకం శాంప్లింగ్ చేసే యంత్రం. కోడర్ గారూ, మీ కోపంలో న్యాయం ఉంది, అది ప్రయోగం మీద కాక పతాక శీర్షిక మీద ఉండాలి.

ఓరుగల్లు_ఎమ్మెస్సీ

అక్కా, మాస్టారూ, చాలా థాంక్స్. గది ఉష్ణోగ్రత సంగతి మిగిలిపోయింది. ఇంకా, అమరావతిలో వచ్చేది కూడా కాంతితో పనిచేసేదేనా?

బెజవాడ_కోడర్

అమరావతిది నేను చెప్తాను. 2025లో ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి ప్రకటించింది ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. అది సూపర్ కండక్టింగ్ సర్క్యూట్లది, ఫోటాన్లది కాదు. 2025 నోబెల్ క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకి వచ్చింది కదా, ఆ సర్క్యూట్ల కుటుంబమే.

ల్యాబ్_బల్ల

ఆ యంత్రాన్ని సున్నా కెల్విన్‌కి దాదాపు ఆనుకునేంత, అంటే కెల్విన్‌లో వందో వంతు స్థాయికి చల్లబరచాలి. కాంతికి అంత అక్కర్లేదు. అద్దాలు, ఫైబర్లు, చాలా చిప్‌లు గదిలోనే హాయిగా పనిచేస్తాయి. చలి కావలసింది డిటెక్టర్లకి. నియోబియం నైట్రైడ్ లాంటి పదార్థంతో చేసిన సన్నని తీగ, సూపర్ కండక్టర్‌గా ఉండేలా 2 నుంచి 4 కెల్విన్ల దగ్గర ఉంచుతారు. ఒక్క ఫోటాన్ పడితే ఆ చోట సూపర్ కండక్టివిటీ చెదిరి వోల్టేజ్ పల్స్ వస్తుంది. 90 శాతం పైగా పట్టేస్తాయి. గది ఉష్ణోగ్రత దగ్గర పనిచేసే సిలికాన్ డిటెక్టర్లు 810 నానోమీటర్ల దగ్గర ఫర్వాలేదు గానీ 1550కి గుడ్డివి. కాబట్టి "గది ఉష్ణోగ్రత కంప్యూటర్" అనడం సగమే నిజం, "అంత లోతైన చలి అక్కర్లేదు" అనడం నిజం.

లెక్కల_మాస్టారు

మన దగ్గర ఈ చదువు కొత్తదేమీ కాదని కూడా పిల్లలకి తెలియాలి. 1963లో కాంతి క్వాంటం స్థితులను రాసే పద్ధతి ఇచ్చిన ఇ.సి.జి. సుదర్శన్ మన కేరళ మనిషి, ఆయన పీహెచ్‌డీ చేసింది ఆ రోచెస్టర్‌లోనే. గ్లాబర్-సుదర్శన్ పి ఫంక్షన్ లేకుండా ఏ కాంతి క్వాంటమో ఏది కాదో చెప్పడం మొదలుపెట్టలేం. 2005లో గ్లాబర్ గారికి నోబెల్ వచ్చి ఈయనకి రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇక క్వాంటం ఆప్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న గిరీశ్ అగర్వాల్ 1977 నుంచి 1995 దాకా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. ఆ గచ్చిబౌలి బండరాళ్ళ మధ్య నుంచి వచ్చిన పేపర్లను ఇవాళ్టికీ చదువుతున్నారు.

ఓరుగల్లు_ఎమ్మెస్సీ

ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ! నేను ఈ రంగంలోకి రావాలంటే ఇప్పుడేం చేయాలి? మా కాలేజీలో హీలియం నియాన్ లేజర్, కొన్ని అద్దాలు తప్ప ఏమీ లేవు.

ల్యాబ్_బల్ల

అవి చాలు తమ్ముడూ. ఆ లేజర్‌తో మైకెల్సన్, తర్వాత మాక్-జెండర్ ఇంటర్‌ఫెరోమీటర్ కట్టు. చారలు స్పష్టంగా, కదలకుండా నిలబడే దాకా కట్టు. ఇంటర్వ్యూలో నేనైతే అభ్యర్థిని అడిగేది చారలు ఎందుకు మసకబారాయి, నువ్వేం చేశావు అని. పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు ఎలాగూ రాస్తావు. బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ, ఐఐఎస్‌సీ, అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధన ప్రయోగశాల (పీఆర్ఎల్), ఈ చోట్ల ఫోటాన్లతో చేతిపని ఉంది. జాతీయ క్వాంటం మిషన్‌కి 2023లో 6,003 కోట్ల పైచిలుకు ఇచ్చారు, దాన్లో కంప్యూటింగ్ కేంద్రం ఐఐఎస్‌సీలో, కమ్యూనికేషన్ కేంద్రం ఐఐటీ మద్రాస్‌లో పెట్టారు. మన దేశంలో సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు, తక్కువ నష్టం చిప్‌లు సొంతంగా చేసుకోవడం మీద ఎక్కువ ఖర్చు పెట్టాలని నా గట్టి కోరిక, బయట నుంచి కొన్న డబ్బా పాడైతే నెలల తరబడి ప్రయోగం ఆగిపోయే పరిస్థితి మాది.

బెజవాడ_కోడర్

లేజర్‌తో పాటు పైథాన్ కూడా మొదలుపెట్టు తమ్ముడూ. ఫ్రాన్స్ కంపెనీ క్వాండెలా వాళ్ళ పర్సెవాల్, జనడూ వాళ్ళ స్ట్రాబెరీ ఫీల్డ్స్, రెండూ ఫోటాన్ సర్క్యూట్లను కంప్యూటర్‌లోనే నడిపి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్లు. పర్సెవాల్‌లో రెండు ఫోటాన్లు, ఒక బీమ్ స్ప్లిటర్ పెట్టు, హాంగ్-ఊ-మాండెల్ సున్నా కళ్ళ ముందు వస్తుంది.

ఓరుగల్లు_ఎమ్మెస్సీ

చేశాను అన్నా, వచ్చింది! అయితే ఇంకొకటి కూడా చేశాను. మూడు వైపులా సమానంగా పంచే ఫూరియర్ సర్క్యూట్‌లో మూడు ఫోటాన్లు పంపితే తలో వైపుకి వెళ్ళే అవకాశం సున్నా రాలేదు, 0.333 వచ్చింది. బోసాన్లు ఎప్పుడూ గుంపు కడతాయి అనుకున్నాను కదా, మరి ఇదేంటి?

లెక్కల_మాస్టారు

శభాష్, మంచి చోట పట్టుకున్నావు. 3×3 ఫూరియర్ మాత్రిక పర్మనెంట్ చేత్తో వేసి చూడు, భాగహారం ముందు −3 వస్తుంది. వర్గం 9, కింద 27, అంటే 1/3. వేరు వేరుగా గుర్తుపట్టగలిగే మూడు ఫోటాన్లయితే అది 6/27, అంటే 2/9 మాత్రమే. ఇక్కడ ఒకేలాంటివి తలో దారి పట్టడమే ఎక్కువ! ఇక మూడూ ఒకే వైపుకి వెళ్ళే అవకాశం ఒక్కో వైపుకి 2/9, మూడు వైపులకి కలిపి 2/3. మొత్తం 1 నిండిపోయింది, కాబట్టి రెండు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు వెళ్ళేవన్నీ సున్నా. నీ అవుట్‌పుట్‌లో చూసుకో, ఉండవు.

ఇప్పుడు 4 వైపులకి చెయ్యి, తలో వైపుకి వెళ్ళే అవకాశం మళ్ళీ సున్నా వస్తుంది. కారణం చిన్నదే: నిలువు వరుసలను చక్రంలా ఒక్కో స్థానం జరిపితే పర్మనెంట్ మారకూడదు, కానీ అలా జరపడం అంటే ఒక్కో అడ్డు వరుసను 1కి ఉండే ఒక్కో మూలంతో (4 వైపులకైతే 1, i, −1, −i) గుణించడమే, సరి సంఖ్యలకి ఆ మూలాల లబ్ధం −1. తనకి తానే వ్యతిరేకమయ్యే సంఖ్య సున్నా ఒక్కటే కదా. 6కి, 8కి కూడా ఇదే. బేసి సంఖ్యలకి లబ్ధం +1 కాబట్టి ఈ వాదన ఏమీ చెప్పదు, అక్కడ నిజంగా లెక్క వేసి చూడాల్సిందే. 5కి వేసి ఇక్కడ పెట్టు, సరిచూస్తాను.